దగ్గినవాడే పెద్దవాడు

రాళ్ళగూడెం ఉపదేశి ఆశీర్వాదం గారికి వినయం అంటే ప్రాణం. ఆ సంగతి నందిగామ తాలూకా అంతటికీ తెలిసేలా ఆయనే జాగ్రత్త పడేవాడు.

వత్సవాయి నుంచి జగ్గయ్యపేట వచ్చే బాటకి కాస్త ఎడంగా ఉండేది రాళ్ళగూడెం. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు, మధ్యలో పెంకులు కప్పిన గుడి, గుడి పక్కన ఫాదర్ గారి బంగళా. గుడిలో జపాలు చెప్పించడం, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పడం, పెళ్ళిళ్ళకీ చావులకీ ముందు నిలబడటం ఉపదేశి పని. పాతికేళ్ళుగా ఆ పనిలో ఉన్న ఆశీర్వాదం గారు ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునేవాడు కాదు. "నాబోటి అల్పుడికి కుర్చీ ఎందుకండీ" అంటూ నేలమీద చతికిలబడేవాడు. ఆయన నేలమీద ఉంటే తాము మంచం మీద ఎలా కూర్చోవాలో తెలియక ఇంట్లోవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు. ఆ విధంగా ఆయన వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ సుఖంగా కూర్చున్న మనిషి ఒక్కడే ఉండేవాడు.

ఒకసారి నందిగామలో జరిగిన ఉపదేశుల సభలో ఆయనకి 'వినయశీలి' అని అచ్చువేసిన యోగ్యతాపత్రం ఇచ్చారు. దానికి అద్దం కట్టించాడు. గోడమీద ఎత్తుగా వేలాడదీస్తే గర్వం అవుతుందని మోకాలి ఎత్తులో మేకు కొట్టించాడు. దాంతో వచ్చినవాళ్ళందరూ నడుం వంచి దాన్ని చదవాల్సొచ్చేది. చదవకుండా తప్పించుకునే వీల్లేదు. చీకటిగా ఉంటే ఆయనే లాంతరు తెచ్చి పట్టుకునేవాడు. ఆయన భార్య ఆరోగ్యమ్మ మాత్రం కోళ్ళు వచ్చి ఆ అద్దాన్ని పొడుస్తుంటే అదిలించేది కాదు.

ఎవరైనా మెచ్చుకుంటే ఆయన చెప్పే జవాబు ఒకటే. "నేనెంతవాణ్ణండీ, ఒట్టి పురుగుని." దానికి అవతలివాళ్ళు "అయ్యయ్యో, అంత మాటనకండి" అనాలి. ఈ వరస ఊళ్ళో అందరికీ అలవాటే. తెలియంది ఎడ్లబండి బసవయ్య ఒక్కడికే. ఒకరోజు జగ్గయ్యపేట నుంచి ఆయన్ని బండిలో తీసుకొస్తూ, "తమలాంటోరు ఉండబట్టే మా ఊరు ఈ మాత్రం ఉందండి" అన్నాడు బసవయ్య.

"నేనెంతవాణ్ణి బసవయ్యా, ఒట్టి పురుగుని."

బసవయ్య ఎడ్లని అదిలించి, కాసేపు ఆలోచించి, "అదీ నిజమేలెండి" అన్నాడు.

ఆశీర్వాదం గారు అక్కడే బండి ఆపించి దిగిపోయాడు. మిగతా దారంతా ఎండలో నడిచాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ బండి ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, నడక వినయానికి మంచిదని చెప్పేవాడు.

పందొమ్మిదివందల యాభై ఆరులో, ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల తపసుకాలం మొదలవబోతుండగా, ఆ ఊరికి కొత్త ఫాదర్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, రాగిరంగు గడ్డం, సముద్రాల అవతలి దేశం. పేరు పలకడానికి నోరు తిరగక జనం ఆయన్ని గడ్డం ఫాదర్ గారన్నారు. ఆయన తెలుగు నేర్చుకున్నది ఎవరో పండితుడి దగ్గర, పుస్తకాలు ముందేసుకుని. సంతలో వంకాయలు బేరం చేసినా, "ఓ అమ్మా, ఈ వంకాయలు లేతవియేనా?" అనేవారు. మనిషి చాలా మంచివారు. తెలుగంటే ఆయనకి బోలెడు ఇష్టం. తప్పులు మాట్లాడుతున్నానేమోనన్న అనుమానం మాత్రం ఆయనకి ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే ఎవరూ చెప్పలేదు.

తపసుకాలం మొదటిరోజు, విభూది బుధవారం నాడు, ఆయన వినయం గురించి ప్రసంగం ఎత్తుకున్నారు. తగ్గినవాడే దేవుని యెదుట పెద్దవాడని చెప్పాలని ఆయన ఉద్దేశం. అయితే తగ్గు, దగ్గు అనే రెండు మాటలూ ఆయన బుర్రలో ఒకదాన్నొకటి నెట్టుకుని చోట్లు మార్చుకున్నాయి.

"ప్రియ క్రైస్తవులారా! మీరు దగ్గవలెను!" అని ఆయన గంభీరంగా మొదలుపెట్టారు. "ధనవంతునికి దగ్గుట కష్టము. విద్యావంతుడు దగ్గుటకు సిగ్గుపడును. దరిద్రుడే చక్కగా దగ్గును. దగ్గినవాడే దేవుని యెదుట పెద్దవాడు!"

అది మిరపకాయల కాలం. పెనుగంచిప్రోలు నుంచి వత్సవాయి దాకా ఏ కళ్ళం చూసినా ఎర్రగా మండుతోంది. పొద్దస్తమానం కాయలు తిరగేసి, తాలుకాయ ఏరి, ఆ ఘాటు గొంతులో పెట్టుకుని వచ్చిన కూలిజనం గుడిలో దగ్గు రాకుండా నోట్లో కొంగులు, కండువాలు కుక్కుకుని కూర్చున్నారు. ఫాదర్ గారే దగ్గమన్నాక ఇంకేం ఆపుకుంటారు? మగవాళ్ళ వైపు నుంచి ఒక దగ్గు లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి నాలుగు జవాబులొచ్చాయి. క్షణంలో గుడి గుడంతా దగ్గింది.

ఫాదర్ గారి మొహం వెలిగిపోయింది. ఈ ప్రాంతంలో ప్రసంగం నచ్చితే ఇలా తెలియజేస్తారు కాబోలు అనుకున్నారు. ఎదురు మర్యాద చెయ్యకపోతే బాగుండదని గుండెల మీద చెయ్యి వేసుకుని, ఆయన కూడా మెల్లిగా రెండుసార్లు దగ్గారు.

ఆశీర్వాదం గారికి తప్పు ఎక్కడుందో మొదటి మాటకే తెలిసింది. పూజ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో ఫాదర్ గారు, ఆయనా ఇద్దరే ఉన్నారు. చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆరోగ్యమ్మ అడిగింది.

"అదేంటండీ, ఆయన అట్టా మాట్లాడుతుంటే చెప్పరేం?"

"గురువుల మాట దిద్దడానికి నేనెంతవాణ్ణే? అది గర్వం కాదూ?"

అయితే ఈ తప్పు వాళ్ళింట్లోకే వచ్చి కూర్చుంది. ఆరోగ్యమ్మ తల్లి లూర్దమ్మ వాళ్ళ దగ్గరే ఉండేది. ముసలామెకి క్రిస్మస్ నుంచీ దగ్గు వదల్లేదు. నలుగురిలో దగ్గాల్సొస్తుందని సిగ్గుపడి గుడిలో వెనక తలుపు పక్కన కూర్చునేది. ఈ ప్రసంగం విన్నాక ముందు వరసకి మారింది. ఫాదర్ గారు "దగ్గినవాడే" అన్నప్పుడల్లా అందరికంటే ముందు తనే దగ్గి, పక్కవాళ్ళ వైపు ఓసారి చూసేది. జగ్గయ్యపేట డాక్టరు దగ్గర ఆరోగ్యమ్మ తెచ్చిన సీసా మందు గూట్లోనే ఉండిపోయింది.

"ఒక్క మూత తాగమ్మా" అని కూతురు బతిమాలితే, "ఇన్నాళ్ళూ తెలీక మంచినీళ్ళు తాగి అణుచుకున్నా. ఇప్పుడు మందు తాగి, దేవుడిచ్చింది పోగొట్టుకోమంటావా?" అనేది.

"మీరన్నా చెప్పండి" అని ఆరోగ్యమ్మ భర్త వైపు తిరిగితే, ఆయన జపమాల తీసుకుని పెరట్లోకి వెళ్ళేవాడు.

పెద్ద గురువారం దగ్గరకొచ్చింది. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన రోజది. ఊరి గుళ్ళలో కూడా సాయంత్రం పూజలో పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు గురువులు కడగవచ్చని ఆ ఏడాదే రోము నుంచి అనుమతి వచ్చింది. రాళ్ళగూడెంలో అంతకుముందు అలాంటిది ఎవరూ చూడలేదు. పన్నెండుమందినీ ఎంచే పని ఫాదర్ గారు ఉపదేశికే అప్పగించారు.

ఆదివారం గుడి బయట మగవాళ్ళందరినీ నిలబెట్టి ఆశీర్వాదం గారు పదకొండు పేర్లు చెప్పి ఆగాడు.

"పన్నెండోవాడు ఎవరో మరి" అని ఆకాశం వైపు చూశాడు. "నేనైతే ఆ భాగ్యానికి అర్హుణ్ణి కాను" అని తల దించుకున్నాడు.

ఇక్కడ నలుగురూ కలిసి "అదేం మాట, మీరు కాక ఇంకెవరు" అనాలి. వెనక నుంచి ఎవరో, "అయితే మన ప్రేమదాసుని పెట్టండి" అన్నారు. అందరూ సరేనన్నారు.

ప్రేమదాసు మంచి పనివాడు. కానీ సాయంత్రమైతే తాటితోపులో ఉంటాడు, ఆదివారం ప్రసంగంలో గోడకి ఆనుకుని గురక పెడతాడు. అలాంటివాడి కాళ్ళు ఫాదర్ గారు కడుగుతారు, తన కాళ్ళు కాదు. ఆశీర్వాదం గారు తల ఎత్తకుండానే, "సరే. ఆ పళ్ళెం, తువ్వాలు పట్టుకునే నీచమైన పని నేను చేస్తా" అన్నాడు. దానికి కూడా ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఇక ఆ పన్నెండు ఇళ్ళలో ఆడవాళ్ళకి దిగులు పట్టుకుంది. రాళ్ళ చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే కాళ్ళవి. మడమల పగుళ్ళలో కందిగింజలు దాచుకోవచ్చు. అలాంటి కాళ్ళు ఫాదర్ గారి చేతుల్లో పెట్టడమా? కొబ్బరి పీచు, కుంకుడుకాయ రసం, ఆముదం అన్నీ బయటికొచ్చాయి. ప్రేమదాసు భార్య రత్తమ్మ ఇవేవీ పనిచెయ్యవని ఇటికముక్క తీసుకుంది.

గురువారం సాయంత్రం గుడి కిక్కిరిసింది. ముందు వేసిన బల్లల మీద పదకొండుమంది కూర్చున్నారు. ప్రేమదాసు లేడు. ఫాదర్ గారు కళ్ళతోనే ఏమైందని అడిగారు. ఆశీర్వాదం గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. తాటితోపులో లేడు, ఇంట్లో లేడు. చివరికి బసవయ్య ఎదురొచ్చి, "మా గేదెల కొట్టంలో పడుకున్నాడండి" అని చెప్పాడు.

కొట్టం అంతా చిత్తడి. ఆశీర్వాదం గారు చీలమండల దాకా పేడలో దిగబడుతూ వెళ్ళేసరికి, మూల గడ్డిమీద ప్రేమదాసు రెండు మడమలకీ గుడ్డపేలికలు చుట్టుకుని మూలుగుతున్నాడు.

"లేవయ్యా, అక్కడ ఫాదర్ గారు చూస్తున్నారు!"

"కాలు కింద పెట్టలేకపోతన్నానండి. మా ఆడది ఇటికతో రుద్దింది. మట్టి పోయిందండి, మట్టితోపాటు తోలూ పోయింది. నన్నొదిలెయ్యండి, నేనీ ఏడు అపొస్తలుణ్ణి కాలేను."

ఇంతలో గుడి గంట మోగింది. కాళ్ళు కడుక్కునే వ్యవధి లేదు. ఆశీర్వాదం గారు అలాగే పరిగెత్తుకొచ్చి, పంచె కిందికి జార్చి పాదాలు కప్పుకుని, పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

ఫాదర్ గారు మోకాళ్ళ మీద ఒక్కొక్కరి ముందుకీ జరుగుతూ కడగడం మొదలుపెట్టారు. మొదటి పాదం అద్దంలా మెరుస్తోంది. రెండోది ఆముదంతో జారిపోయింది. ఐదోవాడి దగ్గరికొచ్చేసరికి ఆయన ఆశ్చర్యపోయి, "ఈ పాదములను నాకంటె ముందుగనే ఎవరో కడిగియున్నారు" అని గొణిగారు. పదకొండూ అయ్యాయి. పన్నెండో చోటు ఖాళీ. ఫాదర్ గారు ఆశీర్వాదం గారి చేతిలో పళ్ళెం తీసి కింద పెట్టి, కూర్చోమని సైగ చేశారు.

అంతసేపూ అదే జరగాలని ఆయన మనసులో ఎంతగా కోరుకున్నాడో! కానీ చటుక్కున కూర్చుంటే పాతికేళ్ళ పేరు ఏంగాను? ఒక అడుగు వెనక్కి వేసి, ఆడవాళ్ళ వైపు ఆఖరి వరసకి కూడా వినపడేలా, "అయ్యో ఫాదర్ గారూ! నా కాళ్ళా? మీరా? ప్రభువు కాళ్ళు కడగబోతే శిష్యుడంతటివాడే ముందు వద్దన్నాడు. నేనెంతవాణ్ణి! ఒట్టి పురుగుని! ఈ భాగ్యం నాకొద్దండీ!" అన్నాడు.

ఫాదర్ గారు మళ్ళీ సైగ చేశారు. ఆయన మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి చేతులు జోడించి, గొంతులో కాస్త వణుకు కూడా తెచ్చుకున్నాడు.

నాపరాళ్ళ నేలమీద మోకరించి ఉన్న ఫాదర్ గారు తలెత్తి, గుడంతా వినపడేలా అన్నారు: "ఉపదేశీ, నాకు మోకాళ్ళ నొప్పి కలదు. తమరి వినయము త్వరగా ముగించుడు."

ఆశీర్వాదం గారు కూలబడ్డట్టు కూర్చున్నాడు. ఫాదర్ గారు పంచె అంచు పక్కకి తీశారు. పేడ, దాని మీద ఎర్రదుమ్ము, దాని మీద రెండు గడ్డిపరకలు. ముందు వరసవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఫాదర్ గారి మొహంలో మాత్రం ఆ సాయంత్రం మొట్టమొదటిసారి సంతోషం కనపడింది.

"ఆహా! కడుగుటకు తగిన పాదములు ఇప్పటికి లభించినవి!"

అంగీ చేతులు పైకి మడిచారు. రెండో బిందె తెమ్మన్నారు. వేళ్ళ సందుల్లో కూడా శ్రద్ధగా రుద్దుతుంటే, ఆశీర్వాదం గారికి తనక్కూడా తెలియని సంగతి ఒకటి బయటపడింది. ఆయనకి అరికాళ్ళలో విపరీతమైన చక్కిలిగిలి. పళ్ళు బిగబట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవి కొరుక్కున్నాడు. చివరికి గొంతులోంచి ఆడపిల్ల నవ్వులాంటి సన్నటి నవ్వు ఒకటి జారింది. ఆ వెనకే ఆపుకోలేని నవ్వంతా వచ్చింది. కాలు ఎగిరి పళ్ళెం తిరగబడి, నీళ్ళన్నీ ఫాదర్ గారి గడ్డం మీద పడ్డాయి.

పెద్ద గురువారం నాడు గుడిలో నవ్వకూడదు. జనం నవ్వు ఆపుకోవడానికి ఉన్న ఒక్క దారీ పట్టారు. అందరూ ఒక్కసారిగా దగ్గారు. ఫాదర్ గారు గడ్డం తుడుచుకుంటూ, ఇంత భక్తిని నేనెక్కడా చూడలేదన్నట్టు వాళ్ళకేసి తిరిగి, తనూ దగ్గారు.

ఇంటికొచ్చి ఆశీర్వాదం గారు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు.

"ఇక నేను ఉపదేశిగా ఉండను. ఊరంతా నవ్వింది. పాతికేళ్ళ పరువు పోయింది."

"పరువా?" అంది ఆరోగ్యమ్మ. "పురుగుకి పరువేంటండీ?"

ఆయన ఇటు తిరిగాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె అలాంటి మాట అనడం అదే మొదలు.

"నువ్వు కూడానా?"

"నేను కూడానే. మా అమ్మ ఆ గదిలో దగ్గలేక చస్తంది, వింటన్నారా? ఆ మాట తప్పని ఫాదర్ గారికి ఒక్కసారి చెబితే ఆమె మందు తాగేది. మీకడ్డమొచ్చింది వినయం కాదండీ. చెబితే ఆయన మీ గురించి ఏమనుకుంటాడోనని భయం. ఆయన తప్పు కన్నా, మా అమ్మ దగ్గు కన్నా మీకు మీరే ఎక్కువ."

పక్కగదిలో లూర్దమ్మ దగ్గింది. ఆశీర్వాదం గారు మళ్ళీ గోడవైపు తిరిగాడు గానీ నిద్ర పట్టలేదు. జనం నవ్వు గురించి ఆలోచిద్దామనుకుంటే, ఎంతసేపూ ఫాదర్ గారి చేతులే గుర్తొచ్చాయి. ఆ మనిషి తన కాళ్ళు కడుగుతున్నంతసేపూ ఎవరు చూస్తున్నారో చూడలేదు. తను ఎలా కనపడుతున్నాడో కూడా పట్టించుకోలేదు. వేళ్ళ సందున ఇంకా పేడ మిగిలిందా లేదా అన్నదాని మీదే ఉంది ఆయన చూపంతా.

తెల్లారి బంగళాకి వెళ్ళాడు. ఫాదర్ గారు కుర్చీ చూపించారు. అలవాటు చొప్పున ఆయన నేలమీద కూర్చున్నాడు. ఫాదర్ గారు కూడా మూలుగుతూ వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చోబోయారు.

"అయ్యో, మీరెందుకండీ!"

"తమరు కుర్చీలో కూర్చున్నచో నేనును కూర్చుందును. మోకాళ్ళ సంగతి నిన్ననే చెప్పితిని కదా."

ఆశీర్వాదం గారు గబుక్కున లేచి కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరి పీల్చుకుని, "ఫాదర్ గారూ, తగ్గు వేరండి, దగ్గు వేరండి" అన్నాడు.

"ఎట్లు?"

ఆశీర్వాదం గారు గట్టిగా దగ్గి చూపించాడు. "ఇది దగ్గండి."

ఫాదర్ గారి మొహం మెల్లగా ఎర్రబడింది. "మరి తగ్గు?"

ఆశీర్వాదం గారు చేతులు కట్టుకుని తల వంచబోయాడు. మధ్యలోనే ఆగిపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. అదీ కుదరలేదు.

"అది చూపిస్తే పోయేదండి" అన్నాడు చివరికి.

"ఈ తపసుకాలమంతయు నేను జనులను దగ్గుమని బోధించితినా?"

"అవునండి."

"వారు దగ్గినది?"

"మిరపకాయల ఘాటండి."

"తమరు ముందే ఏల చెప్పలేదు?"

'నేనెంతవాణ్ణి' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆశీర్వాదం గారు దాన్ని వెనక్కి మింగాడు. "భయపడ్డానండి. భయానికి వినయమని పేరు పెట్టుకున్నా."

ఫాదర్ గారు కాసేపు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకుని ఆశీర్వాదం గారు కంగారుపడ్డాడు. చేతులు తీశాక చూస్తే, నవ్వుతో ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

ఈస్టర్ పండగ పూజలో ఫాదర్ గారు ప్రసంగానికి ముందు, "నేను ఒక తప్పు చెప్పితిని. దగ్గు కాదు, తగ్గు. ఉపదేశి గారు దిద్దిరి, వారికి కృతజ్ఞతలు" అన్నారు. వెంటనే ప్రసంగంలోకి వెళ్ళిపోయారు. అంతే. ఆశీర్వాదం గారు ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూశాడు. కన్నీళ్ళు లేవు, గుండెలు బాదుకోవడం లేదు. ఇదే తనైతే ఆ ఒక్క తప్పు మీద పూట గడిపేవాడు. జనం నవ్వారు, ఫాదర్ గారూ నవ్వారు, ఆ తర్వాత ఆ మనిషి మీద గౌరవం ఎవరికీ పిసరంత కూడా తగ్గలేదు.

లూర్దమ్మకి మాత్రం కోపమొచ్చింది. ఫాదర్ గారు ఇంటికొచ్చి, "అమ్మా, తప్పు నాది. తమరు మందు సేవింపవలెను" అని బతిమాలితే, "మీరు చెప్పారని దగ్గా, మీరు చెప్పారనే తాగుతా. ఇంకోసారి మాట మార్చారంటే ఊరుకోను" అంది. మందు తాగింది. దగ్గు తగ్గింది. మరో ఏడేళ్ళు బతికింది. ముందు వరసలో చోటు మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత ఫాదర్ గారు ఆశీర్వాదం గారిని ప్రసంగంలో ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. తప్పు మాట పడితే ఆయన వేలెత్తాలి. మొదట్లో వేలు లేచేది కాదు. అలవాటయ్యాక దించడం కష్టమైంది. ఒక ఆదివారం ఫాదర్ గారు మధ్యలో ఆగి, "ఉపదేశీ, ఇది నా తప్పా, తమ ఉత్సాహమా?" అని అడిగారు. ఆశీర్వాదం గారు ఒక్క క్షణం తటపటాయించి, "ఉత్సాహమేనండి" అని వేలు దించాడు. ఊరు నవ్వింది. ఈసారి ఆయన మంచమెక్కలేదు. ఇంటికెళ్ళి రెండుసార్లు పప్పు వడ్డించుకుని తిన్నాడు.

పాత అలవాటు ఒక్కరోజులో పోయేది కాదు. ఎవరైనా పొగిడితే నోరు దానంతటదే తెరుచుకునేది. "నే..." అని మొదలెట్టి, ఆగి, "సంతోషమండి" అనేవాడు. మొదట్లో ఆ మాట ఎంత కష్టంగా ఉండేదంటే, చెప్పాక మంచినీళ్ళు తాగేవాడు.

అరవై ఐదులో నందిగామలో మళ్ళీ ఉపదేశుల సభ జరిగింది. వినయం గురించి మాట్లాడమని ఆశీర్వాదం గారినే పిలిచారు. ఆయన వేదికెక్కి, మైకు పట్టుకుని, "దీని గురించి నాకు సరిగా తెలీదండి. తెలుసనుకుని చాలాకాలం మాట్లాడా. తెలిసినవాళ్ళెవరైనా చెబితే వింటా" అని దిగి కూర్చున్నాడు. చప్పట్లతో పందిరి ఊగిపోయింది. ఇంతటి వినయం ఎక్కడా చూడలేదని అధ్యక్షులు కళ్ళు తుడుచుకున్నారు.

"నిజంగానే తెలీదండీ" అని ఆయన లేచి చెప్పబోతే చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి.

సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న ఆరోగ్యమ్మతో ఆయన చిన్నగా అన్నాడు.

"ఒక మాట చెప్పనా? ఆ చప్పట్లు కొడుతుంటే లోపల హాయిగా ఉందే."

"ఉంటది మరి. ఎవరికుండదు?"

"అంటే, మళ్ళీ మొదటికొచ్చినట్టేనా?"

బస్సు ఆగింది. టమాటాల గంపతో ఒకావిడ ఎక్కి, కూర్చునే చోటు కోసం అటూ ఇటూ చూసింది.

"అదంతా తర్వాత ఆలోచిద్దురుగానీ" అంది ఆరోగ్యమ్మ, "ముందు కాస్త ఇటు జరగండి, ఆవిడ కూర్చుంటది."

ఆయన జరిగాడు.